పిడికిలి పడని పొద్దున

ఉస్మాన్‌గంజ్‌లో ఉలవల బస్తా మూతి విప్పితే నాకు ఉలవచారు గుర్తొస్తుంది. ఆ రోజు నా పక్కన నిలబడ్డ పెద్దమనిషికి గుర్రం గుర్తొచ్చింది. ఇంగ్లీషువాళ్లు ఉలవలకు పెట్టుకున్న పేరులోనే గుర్రం ఉంది కాబట్టి, న్యాయంగా చూస్తే ఆ గింజ మీద హక్కు ఆయనదే. సేటు సరుకు చూసుకోమన్నాడు. ఆయన బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీయబోయాడు. వేళ్లు ముడుచుకోలేదు. గింజలన్నీ వేళ్ల సందుల్లోంచి జారి మళ్లీ బస్తాలోనే పడ్డాయి. రెండోసారి అరచెయ్యి దొప్పలా పట్టి, ఎడంచేత్తో గింజల్ని అందులోకి తోసుకున్నాడు.

"పొద్దుగాల పిడికిలి పడ్తలేదు సార్," అన్నాడు, నేను చూస్తున్నానని గమనించి. "పదకొండు దాటినంక జర నయమైతది."

మామూలుగా మనం పిడికిలి బిగిస్తే వేళ్ల మొదట్లో నాలుగు గుట్టలు, వాటి మధ్య మూడు లోయలు కనిపిస్తాయి. ఆయన చూపుడువేలికి, మధ్యవేలికి నడుమ లోయ పూడిపోయింది. దాని మీద చర్మం నున్నగా మెరుస్తోంది. మణికట్టు మీద పూరీ పొంగినట్టు మెత్తటి వాపు. రెండు చేతులకూ ఒకేలా ఉంది. కీళ్ల డాక్టర్లు రక్తపరీక్ష కాగితం తెరవకముందే వెతికే గుర్తులివి.

ఆయన బారాత్‌లకు గుర్రాలు కిరాయికిస్తాడు. రెండున్నాయి. తెల్లది పెళ్లిళ్లకు పోతుంది. రెండోది ముసలిది, ముందుకాలు కుంటుతుంది, ఏ పనికీ పోదు, తింటుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊరికే అన్నారా! జబ్బు పేరు చెప్పిన డాక్టరొకాయన ముందు గుర్రాలు అమ్మెయ్యమన్నాడట.

"అమ్మితే నొప్పి పోతదా సార్?"

పోదు. నేను డాక్టర్ని కాను, సైన్సు సంగతులు రాసుకుని బతికేవాణ్ని. అయినా ఈ ఒక్కమాట ధైర్యంగానే చెప్పాను.

'కీళ్లనొప్పులు' అనే ఒక్క మాట కింద మన దగ్గర రెండు వేరువేరు జబ్బులు కాపురం ఉంటున్నాయి. ఒకటి అరుగుదల. వయసుతో, బరువుతో, పాత దెబ్బలతో వచ్చేది. నడిస్తే నొప్పి, కూర్చుంటే హాయి. రెండోది రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్, అంటే కీళ్లవాతం. వందమందిలో ఒకరికో, అంతకంటే కాస్త తక్కువమందికో వస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. దీని తీరు తిరకాసు. విశ్రాంతి తీసుకుంటే బిగుస్తుంది, కదిలిస్తే వదులవుతుంది. ఎందుకంటే ఇది బరువులు మోసి తెచ్చుకున్న జబ్బు కాదు. ఒంటికి కాపలా కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద పడి దాడి చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ పొర ఉల్లిపొరంత పల్చన. జబ్బు ముదిరితే అదే మందంగా పెరిగి, కొత్త రక్తనాళాలు వేసుకుని, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ కొరుక్కుంటూ పోతుంది. గుర్రం పగ్గం పట్టినా పట్టకపోయినా ఆ కొరుకుడు ఆగదు. జబ్బును తెచ్చిపెట్టే కారణాల్లో మనిషి చేతిలో ఉన్నది ప్రధానంగా ఒకటే, పొగ. ఆయన చొక్కా జేబులోంచి బీడీకట్ట తొంగి చూస్తోంది. ఆ డాక్టరు గుర్రాలకు బదులు దాన్ని వదిలించి ఉంటే బాగుండేదనిపించింది.

పదకొండింటి సంగతికి కూడా లెక్కుంది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు రసాయనం ఈ రోగుల రక్తంలో తెల్లవారుజామున బాగా పెరుగుతుంది. దాన్ని అణచడానికి ఒంట్లో సహజంగా ఊరే కార్టిసాల్ ఆ సమయానికి సరిపోయినంత ఊరదు. అందుకే లేవగానే చేతులు చెక్కల్లా ఉంటాయి, గంట దాటినా సడలవు. అరుగుదలలోనూ పొద్దున బిగువు ఉంటుంది గానీ అరగంటలో పోతుంది. గుర్రానికి మాత్రం దాణా వేళ అయిదు గంటలు. తొట్టి దగ్గర సకిలించే జీవికి మన ఇంటర్‌ల్యూకిన్ గొడవ పట్టదు కదా.

ఈయన మూడేళ్లు చూపించుకోకుండా ఉండిపోయాడు. కారణం మన ఊళ్లలో లక్షలమంది చెప్పే కారణమే: "చికెన్‌గున్యా నొప్పులనుకున్న." 2005, 2006లో ఆ జ్వరం ఆంధ్రదేశాన్ని ఎలా వంచేసిందో చూసినవాళ్లకు ఆ అనుమానం రావడం తప్పు కాదు. జ్వరం తగ్గినా నెలల తరబడి కీళ్లు పట్టేసేవి. ఒక్కోసారి ఆ వాపుకూ కీళ్లవాతానికీ తేడా పట్టడం డాక్టర్లకే కష్టం. కాకపోతే కీళ్లవాతంలో మొదటి కొన్ని నెలలూ బంగారం లాంటివి. ఎముక అంచు ఒకసారి కొరుకుడు పడితే ఏ మందూ దాన్ని తిరిగి పూడ్చదు. ఆరు వారాలు దాటినా రెండు చేతుల కణుపుల్లో వాపు ఉందంటే యాంటీ-సీసీపీ, రుమటాయిడ్ ఫ్యాక్టర్ పరీక్షలు చేయించుకోవాల్సిందే. పంజాగుట్ట నిమ్స్‌లో కీళ్లవాతానికే ప్రత్యేకంగా రుమటాలజీ విభాగముంది. ఎముకల డాక్టరు వేరు, రుమటాలజిస్టు వేరని తెలియకే చాలామంది ఏళ్లు పోగొట్టుకుంటారు.

ఇక మందు. ఈ జబ్బుకు ప్రపంచంలో ఎక్కడైనా ముందు రాసే మందు మెథోట్రెక్సేట్. దాని పుట్టుక కథలో మనవాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అన్న పురుషోత్తం స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో పోయాడు. మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా చేరిన సుబ్బారావు, తర్వాత లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించాడు. అన్నను తీసుకుపోయిన జబ్బుకు పనికొచ్చే మందుల్లో అదొకటి. ఆ తర్వాత ఆ బృందమే ఫోలిక్ ఆమ్లానికి దొంగ నకళ్లు తయారుచేసింది. చూడ్డానికి అదే, చెల్లుబాటు కాదు. వేగంగా పెరిగే కణం దాన్ని అసలు సరుకనుకుని తీసుకుంటుంది, లోపలి యంత్రం పట్టేస్తుంది. ఆ నకళ్లలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగా వెనక్కి తగ్గించి 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆగస్టులో సుబ్బారావు చనిపోయాడు, 53 ఏళ్లకే. అమినోప్టెరిన్ తోబుట్టువే మెథోట్రెక్సేట్.

కీళ్ల దాకా అది రావడానికి చాలాకాలం పట్టింది. 1951లోనే గబ్నర్ అనే డాక్టరు అమినోప్టెరిన్ ఇచ్చి కీళ్ల వాపు తగ్గడం చూశాడు. ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి అందరి కళ్లూ కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మీదున్నాయి. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ దాన్నిస్తే మంచం పట్టిన రోగులు లేచి నడిచారు, 1950లో నోబెల్ వచ్చింది. స్టెరాయిడ్ తీర్చినట్టే తీర్చి ఎముకలు గుల్ల చేస్తుందని తెలిసేసరికి ఏళ్లు గడిచాయి. 1980ల్లో సరైన పరీక్షలు జరిగాక, 1988లో గానీ అమెరికాలో కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌కు అనుమతి రాలేదు. క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదులో చాలా చిన్న భాగం చాలు. ఆ మోతాదులో అది కణాల్ని చంపడం కంటే వాపును చల్లార్చే పనే ఎక్కువ చేస్తుంది.

ఇక్కడ ఒక ప్రాణం మీది సంగతి. ఈ మాత్ర వారానికి ఒక్కసారే. సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు, ఒకే రోజు. బీపీ మాత్రలా రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి మనిషి చనిపోవచ్చు. ప్రపంచమంతటా ఇలాంటి పొరపాట్లు జరుగుతూనే ఉన్నాయి. చీటీ చదవలేని మనిషికి "వీక్లీ" అని గీకి పారేస్తే ఏం లాభం? ఏ వారమో పేరు పెట్టి చెప్పాలి.

మా గుర్రాలాయన ఆ పేరు తనే ఎంచుకున్నాడు. మందు వేసుకున్న మర్నాడు చాలామందికి వికారం, నీరసం. ఆయనకు పని రాత్రుళ్లు, బారాత్ కదిలేదే తొమ్మిది దాటాక. మనవాళ్లు మంగళవారం పెళ్లి పెట్టుకోరు. "మంగళారం గిరాకీ తక్కువ సార్. గోలీ ఆ దినం." నిజానికి ఇది చాలా తెలివైన ఏర్పాటు. మ అంటే మంగళవారం, మ అంటే మెథోట్రెక్సేట్. అక్షరం వచ్చిన మనవరాలుంటే చాలు, గుర్తుంటుంది. దాని దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం మరో రోజున. నకలు వేసుకుని, తర్వాత అసలు వేసుకోవడమన్నమాట. ఆరు నుంచి పన్నెండు వారాల దాకా గుణం తెలియదు. ఆలోగా విసిగి మానేసేవాళ్లు ఉంటారు. మొదట్లో కొన్ని వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు. మద్యం జోలికి పోకూడదు. గర్భం దాల్చే ఆలోచన ఉన్న ఆడవాళ్లు దీన్ని వాడనే కూడదు.

ఇంతవరకూ ఏ రోగికైనా ఒకటే. తబేలాలో బతికే రోగికి పైన మరికొన్ని ఉన్నాయి. వాటి గురించి ఆస్పత్రిలో అడిగేవాళ్లుండరు.

ఆయన తబేలాలో గూటిలో ముసలి గుర్రం మందులుంటాయి. పశువుల డాక్టరు రాసినవి. గుర్రాల నొప్పికి ప్రపంచమంతా వాడే పాత మందు ఫినైల్‌బ్యూటజోన్. దీన్ని 1949లో మార్కెట్లోకి తెచ్చింది మనుషుల కీళ్లవాతానికే. కొందరిలో ఎముకమూలుగ ఎండిపోయి రక్తం తయారవడమే ఆగిపోయేసరికి చాలా దేశాల్లో మనుషులకు మాన్పించేశారు, గుర్రాలకు మిగిలింది. గుర్రానికి పనిచేసిన పొడి మనిషికి చెయ్యదా అని నాలుక మీద వేసుకునేవాళ్లు ఉంటారు, వెంటనే నొప్పి తగ్గుతుంది కూడా. మెథోట్రెక్సేట్ మూలుగను ఇప్పటికే ఒక కంట కనిపెట్టి ఉండాల్సిన మందు. దాని పక్కన ఇది చేరితే చెప్పేదేముంది. ఆ గూట్లో ఇంకో మందు మీద నాకు అంతకంటే భయం, ట్రైమెథోప్రిమ్ కలిసిన సల్ఫా. గుర్రాలకు చీము పట్టినప్పుడు ఇస్తారు, మనుషులకు సెప్ట్రాన్ పేరుతో ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. అది కూడా మెథోట్రెక్సేట్ దెబ్బ కొట్టే చోటే కొడుతుంది. రెండూ కలిస్తే రక్తకణాలు కుప్పకూలుతాయి. మూత్రంలో మంటని మందుల దుకాణంవాడు ఇచ్చే రెండు బిళ్లలు చాలు. మంగళవారం మందు సంగతి షాపువాడికీ పశువుల డాక్టరుకీ కూడా తెలిసి ఉండాలి.

ఆ తర్వాత గాలి. ఎండుగడ్డి మోపు విప్పినప్పుడు వెలుతురులో తేలే ధూళిలో బూజు కూడా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు అలర్జీతో వాస్తాయి. మెథోట్రెక్సేట్ కూడా అరుదుగా ఊపిరితిత్తుల వాపు తెస్తుంది. కీళ్లవాతం తనంతట తనే ఊపిరితిత్తుల్ని మచ్చలు పడేలా చేయగలదు. మన దేశంలో క్షయ ఎటూ ఉంది. పొడిదగ్గు, ఆయాసం మొదలైతే దొంగ ఎవరో తేల్చడం తలనొప్పి. అందుకని దగ్గు మొదలైన వారమే డాక్టరుకు చెప్పాలి. గడ్డిని వెయ్యబోయేముందు నీళ్లలో తడిపితే ధూళి అణుగుతుంది, గుర్రం ఊపిరికీ అదే మంచిది. ఇక మెథోట్రెక్సేట్ సరిపోక ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్లకు పోతే, ముందు ఒంట్లో నిద్రపోతున్న క్షయ ఉందేమో చూసి తీరాలి. ఆ ఇంజెక్షన్లు దాన్ని లేపుతాయి.

ధనుర్వాతం సంగతి గుర్రాల్ని చూసుకునే సాయీసులందరికీ తెలుసు. ఆ క్రిమి బీజాలు గుర్రపు లద్దెలో, తబేలా మట్టిలో ఉంటాయి. స్టెరాయిడ్‌తో కాగితంలా పల్చబడ్డ చర్మం చిన్న మేకు గీతకే చీలుతుంది, కాబట్టి పదేళ్లకోసారి బూస్టర్ తప్పనిసరి. ముక్కు నుంచి చీము కారే కొత్త గుర్రాన్ని ఇంట్లోకి తెస్తే ఇంకో ప్రమాదం, గ్లాండర్స్. మన దేశంలో 2006 నుంచి మళ్లీ అక్కడక్కడా తలెత్తుతోంది, మనుషులకూ అంటుకుంటుంది, కనబడితే ప్రభుత్వానికి చెప్పి తీరాల్సిన జబ్బు. రక్తనమూనా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళుతుంది. రోగనిరోధకతను తగ్గించే మందుల మీదున్న మనిషి ఆ ముక్కు తుడిచే పని ఇంకెవరికైనా అప్పజెప్పాలి, వాళ్లూ చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా చెయ్యకూడదు.

ఇవన్నీ విని "మరి అమ్ముకోవడమే మేలు కదా" అంటారేమో. కాదు. 2003లో నెదర్లాండ్స్‌లో మూడొందలమందికి పైగా కీళ్లవాత రోగుల మీద రెండేళ్లు నడిపిన పరిశోధన ఫలితాలొచ్చాయి. గట్టి వ్యాయామం చేసినవాళ్లకు శక్తి పెరిగింది, చేతుల పాదాల కీళ్లు అదనంగా చెడలేదు. పెద్ద కీళ్లు ముందే బాగా పాడైనవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. కీళ్లు ఎర్రగా భగ్గుమన్న రోజుల్లో విశ్రాంతి, మిగతా రోజుల్లో కదలిక. గుర్రాన్ని రుద్దడం ఒళ్లంతా కదిలే పని. చేసే తీరు మార్చుకోవాలి, అంతే.

గుర్రం రోజుకు పాతిక ముప్ఫై లీటర్ల నీళ్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. నిండు బకెట్ వేళ్లకు వేలాడేసి మోస్తే వేళ్ల కణుపులు పక్కకు, చిటికెనవేలి వైపు ఒరుగుతాయి. ఈ జబ్బు చేతిని వంకరచేసే దిక్కు కూడా అదే. గొట్టం పెడితే బకెట్ బాధే లేదు. లేకపోతే సగం బకెట్లు, అదీ వేళ్లకు కాకుండా మోచేతి మడతలో. కళ్లెం బకిల్ పెట్టేటప్పుడు బొటనవేలి కొసన ఒక కిలో నొక్కుడు, బొటనవేలి మొదట్లో దాదాపు పన్నెండు కిలోలవుతుందని 1970ల్లోనే లెక్క కట్టారు. కాబట్టి బకిళ్ల చోట కొక్కేలు. గుర్రాన్ని రుద్దే ఖరారా పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేసుకుంటే వేళ్లు పూర్తిగా ముడవక్కర్లేదు, అరచేత్తో తోస్తే చాలు. ఈ ట్యూబు ఉపాయం నేను చెప్పింది కాదు, గుర్రాలకు నాడాలు కొట్టే నాల్‌బంద్ చెప్పాడట.

ఒకటి మాత్రం ఆయనకు గట్టిగా చెప్పాను. పట్టు లేదని పగ్గాన్ని చేతికి చుట్టుకోవద్దు. బారాత్‌లో పటాకులు పేలి గుర్రం ఎగిరితే, చుట్టుకున్న పగ్గం చేతిని వదలదు. పొడుగు పగ్గం, రెండు చేతులు, మధ్యలో రెండు ముళ్లు. జారినా ముడి దగ్గర ఆగుతుంది. మెడ కూడా చూపించుకోమన్నాను. కీళ్లవాతం ఏళ్ల తరబడి ఉంటే కొందరిలో మెడ పైన మొదటి రెండు వెన్నుపూసల మధ్య బంధనం వదులవుతుంది. గుర్రం తల ఒక్కసారి విసిరినా, పైనుంచి పడినా వెన్నుపాము నలగొచ్చు. చేతుల్లో తిమ్మిరి, తల వెనక నొప్పి ఉంటే మెడ వంచి ఒకటి, ఎత్తి ఒకటి ఎక్స్‌రే తీయించకుండా గుర్రమెక్కకూడదు.

నాలుగు నెలల తర్వాత ఒక మంగళవారం ఆయన తబేలాకు వెళ్లాను. పెద్దాస్పత్రిలో రుమటాలజిస్టు దగ్గర చూపించుకుంటున్నాడు. బీడీ పూర్తిగా పోలేదు. ముసలి గుర్రం ముందుకాలికి పట్టీ కట్టి ఉంది, ఆయన కుడి మణికట్టుకు స్ప్లింటు.

"మోకాలు వాసింది దీనికి," అన్నాడు.

"అది మోకాలు కాదన్నా, మణికట్టు," అన్నాను. గుర్రం ముందుకాలి 'మోకాలు' అసలు ఎముకల లెక్కన మన మణికట్టే. కింద ఉన్నదంతా ఒక్క మధ్యవేలు, గిట్ట దాని గోరు. నాలుగొందల కిలోల జీవి నాలుగు గోళ్ల మీద నిలబడి ఉంది.

ఆయన గుర్రం కాలునీ తన చేతినీ మార్చి మార్చి చూసుకున్నాడు. "అయితే దీనికి గూడ నా బీమారేనా?"

కాదు, దానిది అరుగుదల. పరిగెత్తీ, తారురోడ్డు మీద నిలబడీ తెచ్చుకున్నది. గుర్రాలు అమ్మెయ్యమన్న డాక్టరు అనుకున్న కారణం ఈయనకు కాకుండా దానికి వర్తించింది. ఆ మాట చెబితే నవ్వి, జేబులోంచి బెల్లంముక్క తీశాడు. గుర్రానికి ఎప్పుడూ వేళ్లు మడిచి తినిపించకూడదు, వేలు కూడా పళ్ల మధ్యకు పోతుంది. అరచెయ్యి బల్లపరుపుగా చాపాలి. పొద్దున ఎనిమిదిన్నర. ఆయన చెయ్యి చాపాడు. గుర్రం పెదవులతో బెల్లం ఏరుకుని, అరచేతి చెమట ఉప్పు కూడా నాకింది.